విద్యాదాత డేనియల్ పేన్

అక్షరాలు నేర్పడం నేరమవుతుందా? ఒకప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అయింది. అక్కడ ఆఫ్రికా నుంచి తెచ్చిన నల్లజాతివారిని, వారి సంతతిని బానిసలుగా ఉంచి పత్తి చేలలో, వరి పొలాలలో చాకిరి చేయించేవారు. చదువు వస్తే బానిసలు తిరగబడతారని యజమానుల భయం. అటువంటి చోట పుట్టి, చదువు చెప్పడమే జీవితంగా చేసుకున్న మహనీయుడు డేనియల్ అలెగ్జాండర్ పేన్.

పేన్ 1811 ఫిబ్రవరి 24న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు నల్లజాతివారే అయినా బానిసలు కారు. అతనికి పదేళ్ళు నిండకముందే వారిద్దరూ మరణించారు. పేన్ వడ్రంగం, కుట్టుపని నేర్చుకుంటూనే తీరిక దొరికినప్పుడల్లా పుస్తకాలు చదివాడు.

1829లో, పద్దెనిమిదో ఏట, చిన్న బడి పెట్టాడు. ముగ్గురు పిల్లలు, ముగ్గురు వయోజన బానిసలు అతని విద్యార్థులు. నెలకు తలా అర డాలరు రుసుము. దానితో పూట గడవక బడి మూసివేశాడు. అప్పుడొక ధనికుడు తన వెంట పరదేశానికి రమ్మని పిలిచాడు. యజమానికీ బానిసకీ మధ్య ఉన్న తేడా జ్ఞానమేనని మాటల మధ్య అన్నాడు. ఆ మాట పేన్ మనసులో నాటుకుంది. ఆ జ్ఞానమే సంపాదించాలని నిశ్చయించుకొని, ప్రయాణం మానుకొని, 1830లో బడిని తిరిగి తెరిచాడు. ఈసారి బడి నిలిచింది. పిల్లలు పెరిగారు.

కాని 1834 డిసెంబరులో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. బానిసలకు చదువు చెప్పిన నల్లజాతివారికి యాభై కొరడా దెబ్బల వరకు శిక్ష, జరిమానా. స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివారు బడి నడపడం కూడా నిషేధమే. 1835 మార్చి 31న పేన్ బడి మూతపడింది. మే నెలలో ఆయన పుట్టిన ఊరు విడిచి ఉత్తరాదికి వెళ్ళాడు.

అక్కడ గెటిస్‌బర్గ్‌లో దైవశాస్త్రం చదివాడు. తరవాత ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిలో చేరాడు. తెల్లవారి చర్చిలో అవమానాలు భరించలేక నల్లజాతివారు 1816లో స్థాపించుకున్న ప్రొటెస్టెంట్ సంఘమిది. బోధకులకు చదువు తప్పనిసరి అని పేన్ పట్టుపట్టాడు. భక్తి ఉంటే చాలదా అని కొందరు పెద్దలు ఎదిరించారు. 1844 మహాసభ మొదట కాదని, చివరకు ఆయన మాటనే ఒప్పుకొన్నది. 1852లో ఆయన బిషప్ అయ్యాడు.

ఒహాయో రాష్ట్రంలో నల్లజాతివారి కోసం 1856లో ఏర్పడిన విల్బర్‌ఫోర్స్ విద్యాలయం అంతర్యుద్ధ కాలంలో మూతపడింది. 1863లో పేన్ తన చర్చి తరఫున దానిని పదివేల డాలర్లకు కొన్నాడు. చేతిలో అంత సొమ్ము లేదు. ఊరూరా చందాలు పోగుచేయవలసి వచ్చింది. ఆ విద్యాలయానికి ఆయనే అధ్యక్షుడు. అమెరికాలో ఒక కళాశాలకు అధ్యక్షుడైన మొదటి నల్లజాతీయుడు ఆయనే.

1865 ఏప్రిల్ 14న, లింకన్‌పై కాల్పులు జరిగిన రోజే, విద్యాలయ ప్రధాన భవనం అగ్నికి ఆహుతి అయింది. దుండగులే నిప్పు పెట్టారని అందరూ నమ్మారు. పేన్ కుంగిపోక తిరిగి కట్టించాడు. 1876 వరకు అధ్యక్ష పదవిలో ఉండి, 1893 నవంబరులో కన్నుమూశాడు. ఆ విద్యాలయం నేటికీ నడుస్తున్నది.

1865 మే నెలలో, ఊరు విడిచిన ముప్పై ఏళ్ళకు, పేన్ మళ్ళీ చార్లెస్టన్‌లో అడుగుపెట్టాడు. అప్పటికి యుద్ధం ముగిసింది. తన బడిని మూయించిన చట్టానికి బలం పోయింది. అక్షరాలు నేర్పినందుకు ఇక ఆ ఊళ్ళో ఎవరికీ కొరడా దెబ్బలు లేవు. మనం రోజూ సులువుగా తెరిచే పుస్తకం కోసం ఒకనాడు కొందరు ఎంత మూల్యం చెల్లించారో పేన్ జీవితం తెలుపుతుంది.