తాత నేర్పిన నడక

పిల్లలూ! మీ బడిలో ఎప్పుడైనా నాటకం వేశారా? వేషం కట్టడం, రంగు పూసుకోవడం, తెర లేవగానే గుండె దడదడలాడడం ఎంత సరదాగా ఉంటుందో వేసినవారికే తెలుసు. అయితే నాటకంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటో చెప్పగలరా? మాటలు వల్లించడం అనుకుంటున్నారు కదూ? కాదు. మరేమిటో చెబుతాను, వినండి.

హైస్కూలు పిల్లలకు నాట్య, నాటక పోటీలు మన దేశంలో చాలా ఏళ్ళుగా జరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2015లో ‘కళా ఉత్సవ్’ ప్రారంభించింది. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారు అందులో పాల్గొంటారు. జనాభా విద్య పథకం కింద మరొక పోటీ కూడా ఉంది. అందులో కొందరు చిన్న నాటిక వేస్తారు, కొందరు జానపద నృత్యం చేస్తారు. నాటికకు నలుగురైదుగురు పిల్లలు, ఐదారు నిమిషాలు, అంతే! ఆరోగ్యం, పరిసరాలు, ఆడపిల్లల సమానత్వం వంటి విషయాలు తీసుకోవాలి. జిల్లాలో గెలిచినవారు రాష్ట్రపోటీకి వెళతారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరే జిల్లా అయింది. దానితో కోదాడ పిల్లలు సూర్యాపేట జిల్లా జట్టయ్యారు, మిర్యాలగూడ పిల్లలు నల్లగొండ జట్టుగానే ఉండిపోయారు. వీరిద్దరూ పోటీలో ఎదురుపడాలంటే ఇప్పుడు రాష్ట్రస్థాయికి చేరవలసిందే!

ఈ నేలకు ఆటపాటలు కొత్తవి కావు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్ళున్నాయి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతు పోరాటంలో బుర్రకథలూ గొల్లసుద్దులూ ఊరూరా వినిపించాయి. ఆ రైతుల కష్టాన్నే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకంగా రాశారు.

ఇక మా బడి సంగతి. అది 2017వ సంవత్సరం. అప్పుడు నేను కోదాడ వైపు ఒక హైస్కూలులో ప్రధానోపాధ్యాయుణ్ణి. మా పిల్లలు కూడా పోటీకి సిద్ధమయ్యారు. ఆరుగురు ఆడపిల్లలు కోలాటం మొదలుపెట్టారు. నాటికకు పిల్లలు ఎన్నుకున్న విషయం ఫ్లోరైడు నీళ్ళు.

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉంది. కాని మునుగోడు, మర్రిగూడ వైపు జనం ఎంతోకాలం బోరునీళ్ళే తాగారు. అక్కడి రాళ్ళలో ఉన్న ఫ్లోరైడు ఆ నీటిలో కరుగుతుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడం మంచిది కాదు. మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళమీద మచ్చలు పడతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. అలా వంగిన ఎముకలను ఏ మందూ తిరిగి సరిచేయలేదు. కాని ఇది అంటువ్యాధి కాదు. ఈ నీటిని పటిక, సున్నంతో బాగుచేసే ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు 1970 దశకంలో కనిపెట్టారు. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు వచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఆ ఊళ్ళకు నదినీళ్ళు కూడా వచ్చాయి.

నాటికలో నడుము వంగిన తాత వేషం తొమ్మిదో తరగతి కుర్రవానికి ఇచ్చాము. వాడు కర్ర పట్టుకుని, మూతి వంకర చేసి, కుప్పిగంతులు వేస్తూ వచ్చాడు. వరండాలో అందరూ పకపకా నవ్వారు. నిజం చెప్పవద్దూ, నేనూ నవ్వాను. కోడలి వేషం వేసే అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. మరునాడు ఆ పిల్ల బడికి రాలేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ అమ్మాయి తల వంచుకుని, “సార్, మా తాత అట్లనే నడుస్తడు. ఎవరినీ నవ్వించెటందుకు నడువడు” అన్నది. అరుగుమీద తాత కూర్చుని ఉన్నాడు. ఆయనది మునుగోడు వైపు ఊరు. నాకు సిగ్గనిపించింది. పాఠం చెప్పవలసినవాణ్ణి నేనే నవ్వానే!

మర్నాడు ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. వాడు బెరుకు బెరుకుగా, “తాతా, నీలాగా ఎట్లా నడవాలి?” అని అడిగాడు. తాత కోపగించుకోలేదు. గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. ఆయన మెడ తిరగదు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. “బిడ్డా, నేను వంగి నడుద్దామని నడుస్తలేను. నిటారుగ నిలబడుదామనే చూస్త. ఒళ్ళు ఇనదు” అన్నాడు.

కుర్రవానికి కీలకం దొరికింది. ఆనాటినుంచి వాడు వంగడం మానేసి, నిలబడడానికి ప్రయత్నించసాగాడు! నిలబడబోతాడు, ఒళ్ళు సహకరించదు, గోడ పట్టుకుంటాడు. అమ్మాయి కూడా తిరిగి వచ్చి తన వేషం వేసింది. సూర్యాపేటలో పోటీనాడు వాడు రంగంమీదికి రాగానే ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మూడు అడుగులు వేసేసరికి సభ నిశ్శబ్దమైపోయింది.

మా నాటికకు రెండవ బహుమతే వచ్చింది. కోలాటానికి ఏమీ రాలేదు. రాష్ట్రపోటీకి వెళ్ళలేకపోయామని పిల్లలు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. తరువాత అదే నాటికను మా బడిలో వేశాము. తాతను తీసుకువచ్చి ముందువరసలో కూర్చోబెట్టాము. నాటిక అయ్యాక కుర్రవాడు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తాత వాని తలమీద చెయ్యి వేసి, “మంచిగ నిలబడ్డవు బిడ్డా!” అన్నాడు.

ఇప్పుడు చెప్పండి పిల్లలూ, నాటకంలో కష్టమైన పని ఏది? ఈసారి మీరు ఎవరి వేషమైనా వేయవలసి వస్తే, ముందు అటువంటి మనిషి దగ్గర కాసేపు కూర్చోండి. బహుమతి వచ్చినా రాకపోయినా, ఆయనను చూసి నవ్వడం మాత్రం మానేస్తారు.