గ్యాస్ కలుపుడుకు కోర్సు ఎందుకంటె..

మా పెద్దవూర పక్కనే నాగార్జునసాగర్. డ్యాం ఎత్తే 124 మీటర్లు. గసొంటి నీళ్లల్ల సిలిండర్ కట్టుకొని దిగెటోని పానం గ్యాస్ కలిపెటోని చేతుల ఉంటది. గీ పనికి పైసలు పెట్టి కోర్సు చెయ్యాల్నా? చెయ్యాలెననే నేనంట.

గాలిల ఆక్సిజన్ 21 శాతం. 32 శాతం చేస్తె నైట్రాక్స్. 200 బార్ నింపాలంటె ఖాళీ సిలిండర్ల ముందుగాల 28 బార్ ఆక్సిజన్, మీదికెళ్లి గాలి. లెక్క గింతే. గని 34 మీటర్ల కిందికి పోతె గా ఆక్సిజనే విషమై ఫిట్స్ రావొచ్చు. వాల్వుల నూనె మరకున్నా ఒత్తిడికి మంట లేస్తది.

లెక్క పుస్తకంల దొరుకుతది. వాల్వు నిమ్మళంగ తిప్పుడు, నింపినంక ప్రతిసారి అనలైజర్‌తోని కొలుసుడు నేర్పెటోని ముంగటనే అలవాటైతయి. తప్పు కలిపెటోనిది, సావు దిగెటోనిది. గందుకే కోర్సు పైసలు పని చేయించుకునెటోడే కట్టాలె.