తివాచీ మీద రంగు మరకా? తొందరపడకండి!

పండుగ వస్తోందంటే ఇంటికి వెల్ల, తలుపులకు, కిటికీలకు రంగు వేయించడం మనకు ఆనవాయితీ. ఎన్ని పాత దుప్పట్లు పరిచినా, ఎన్ని కాగితాలు అడ్డం పెట్టినా నాలుగు చుక్కలు ఎక్కడో ఒకచోట చిందక మానవు. గచ్చు మీద పడితే తుడుచుకోవచ్చు. ముచ్చటపడి కొనుక్కున్న తివాచీ మీద పడితే మాత్రం ఇల్లాలి ప్రాణం ఉసూరుమంటుంది. వెంటనే రంగులవాళ్ళ టర్పెంటైనో, థిన్నరో ఇంత ఒంపి, గుడ్డ పెట్టి రుద్దెయ్యడం మొదలుపెడతారు.

ఆరోగ్య శీర్షికలో ఈ మరకల గోల ఏమిటని మీరు అడగవచ్చు. ఆ రుద్దే హడావుడిలో మూత తీసిన సీసా పక్కనే ఉంటుంది. ఇంట్లో పాకే బిడ్డ ఉంటాడు. దేవుడి దగ్గర దీపం వెలుగుతూ ఉంటుంది. ఈ మూడూ ఒకచోట చేరినప్పుడే ప్రమాదం. కాబట్టి మరకను పోగొట్టే పద్ధతీ, పడవలసిన జాగ్రత్తలూ కలిపే చెప్పుకుందాం.

ముందుగా ఏ రంగో చూడండి

గోడలకు వేసే డిస్టెంపర్లు, ఎమల్షన్లు సాధారణంగా నీటితో కలిపేవి. తలుపులకు, ఇనుప గ్రిల్సుకు వేసే ఎనామిల్ చాలావరకు నూనె రంగు. డబ్బా మీద నీటితో పలచన చేయమని ఉందో, టర్పెంటైన్‌తో చేయమని ఉందో చదివితే సంగతి తెలిసిపోతుంది. నీటి రంగుకు టర్పెంటైన్ అవసరమే లేదు.

నీటి రంగు పచ్చిగా ఉంటే మొద్దు చెంచాతో పైపైన ఎత్తివేయండి. తెల్లని నూలుగుడ్డను చల్లనీళ్ళలో ముంచి, పిండి, మరక మీద అద్దండి. రుద్దితే రంగు పోగుల లోపలికి దిగుతుంది. ఎప్పుడూ అంచుల నుంచి మధ్యకు అద్దాలి. తరువాత గిన్నెలు తోమే సబ్బునీరు కొద్దిగా అద్ది, మంచినీళ్ళతో మరోసారి అద్ది, పొడిగుడ్డతో తడి పీల్చండి. మరక ఎండిపోయి ఉంటే గోరువెచ్చని సబ్బునీటి గుడ్డను కాసేపు దాని మీద ఉంచి, మెత్తబడ్డాక మెల్లగా గీకండి. అప్పటికీ మొండికేస్తే మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను గుడ్డకు తడిపి అద్దండి.

నూనె రంగైతే చెంచాతో ఎత్తివేశాక, టర్పెంటైన్‌ను గుడ్డకు కొంచెం పట్టించి అద్దండి. తివాచీ మీద ఒంపవద్దు. కొన్ని తివాచీల అడుగున ఉండే రబ్బరు పొర దానితో పాడైపోతుంది. పైగా ఇంకిపోయిన ద్రవం గంటల తరబడి గదిలో ఆవిరి వదులుతూనే ఉంటుంది. చివరగా సబ్బునీటితో అద్ది, ఆరుబయట ఆరనివ్వండి. 

ఏది వాడినా ముందు కనపడని మూల కాస్త రాసి, రంగు వెలుస్తుందేమో చూడండి. ఏలూరు తివాచీల వంటి ఉన్నివాటికి బ్లీచింగ్ ద్రవం, మరిగే నీళ్ళు పనికిరావు. బ్లీచింగ్ ద్రవం ఉన్నిని తినేస్తుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గాని, అమ్మోనియాతో గాని దాన్ని కలిపారా, ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది సుమా!

గాలి, నిప్పు

పని మొదలుపెట్టకముందే తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. పొయ్యి, దీపం, అగరువత్తి, సిగరెట్టు ఏవీ దగ్గర ఉండరాదు. టర్పెంటైన్ ఆవిరి గాలికంటే బరువైనది. నేల వెంబడి పాకి, దూరాన ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. తల తిరిగినా, వికారం పుట్టినా పని ఆపి బయటికి వెళ్ళండి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఈ పని ఇతరులకు వదిలేయడం మంచిది. నూనె రంగు పీల్చిన గుడ్డల్ని ముద్దచేసి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. బయట విడివిడిగా ఆరేయండి.

బిడ్డ మింగితే?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. టర్పెంటైన్, థిన్నర్, కిరసనాయిలు మింగిన బిడ్డకు వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టవద్దు. ఉప్పునీళ్ళు, పాలు, నూనె పట్టవద్దు. ఇవి పలచని ద్రవాలు. వాంతితో పైకి వచ్చేటప్పుడు ఏ కాస్త ఊపిరితిత్తుల్లోకి జారినా న్యుమోనియా వంటి జబ్బు తెచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ దానంతటదే వాంతి చేసుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ సీసా కూడా వెంట పట్టుకెళ్ళండి. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోరాదు. దగ్గు, ఆయాసం, మగత కొన్ని గంటల తరువాత కూడా మొదలుకావచ్చు.

మిగిలిన టర్పెంటైన్‌ను కూల్‌డ్రింకు సీసాలోనో, మంచినీళ్ళ సీసాలోనో పోసి దాచేవారు చాలామంది. దాహం వేసిన పిల్లవాడికి తేడా ఏం తెలుస్తుంది?

ఒంటికి అంటిన నూనె రంగుకు కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగితే చాలు. కంట్లో పడితే ధారగా మంచినీళ్ళతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి. ఆముదం, చనుబాలు వేయకండి.

పాత తలుపుల దుమ్ము

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన తలుపుల రంగులో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఉప్పుకాగితంతో పొడిగా గీకితే ఆ దుమ్ము తివాచీలో చేరుతుంది. పాకే బిడ్డ చేతుల మీదుగా నోటికి చేరుతుంది. సీసం పసివాళ్ళ మెదడుకు చేటు. ఇంతవరకు ఫరవాలేదనే మోతాదంటూ లేదు. అందుచేత గీకే పని పెట్టకముందే తివాచీని చుట్టి వేరే గదిలో పెట్టండి. తలుపును తడిపి గీకించండి. నేలను చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడవండి. పని పూర్తయ్యేదాకా పిల్లల్ని అటు రానివ్వకండి.

ఇంతా చేసి మరక కొంచెం మిగిలిపోతే దిగులుపడకండి. దాని మీదికి టీపాయ్ జరిపితే సరి. టర్పెంటైన్ సీసాకు మూత బిగించి, పిల్లలకు అందని బీరువాలో పెట్టి తాళం వేశారో లేదో మాత్రం ఈ రాత్రే ఒకసారి చూసుకోండి.