ఖాళీ ట్యాంకు

రొయ్యల చెరువు మీద అర్ధరాత్రి కరెంటు పోతే ఏమవుతుందో రాజధానిలో ఉండేవారికి తెలియకపోవచ్చు. ఏరేటర్లు ఆగిపోతాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లవారేసరికి రైతు ఆరుగాలం పెట్టిన పెట్టుబడి వెల్లకిలా తేలుతుంది. అందుకే భీమవరం ప్రాంతంలో చెరువు గట్టున జనరేటరు లేని ఆసామి నిద్రపోడు. ఈ విలేఖరి మేనల్లుడు అటువంటి ఆసాములలో ఒకడు. ఉద్గార ప్రమాణాలకు సరిపడని డీజిల్ జనరేటర్లను దేశ రాజధాని ప్రాంతంలో 2023 అక్టోబరు 1 నుంచి నడపరాదని వాయు నాణ్యత కమిషన్ ఆదేశించింది. ఆనాటి నుంచి ఇక్కడ పాత యంత్రాలు చవకగా దొరుకుతున్నాయని అతడు ఎక్కడో విన్నాడు. “మావయ్యా, ఒకటి చూసి పంపించు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను” అని ఫోను చేశాడు.

యంత్రం దొరకడం కష్టం కాలేదు. పంపించడంలోనే అసలు కథ మొదలైంది.

మొదట రైల్వే పార్సిలు ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులోని గుమాస్తా బరువు అడగలేదు, వెల అడగలేదు. ట్యాంకులో చమురు ఉందా అని అడిగాడు. మోటారు సైకిలును పార్సిలులో పంపినవారందరికీ ఆ ప్రశ్న పరిచితమే. చుక్క మిగలకుండా తీసివేయాలి, బ్యాటరీ తీగలు విప్పాలి, అప్పుడే ఆ మాట ఎత్తమన్నాడు. విసుగ్గానే అన్నాడు కాని, అన్నది న్యాయం. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రమాదకర వస్తువును చెప్పకుండా రైలెక్కించినవారికి మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించింది. 2023 ఆగస్టు 26న మదురైలో యాత్రికుల పెట్టెలో దొంగతనంగా తెచ్చిన గ్యాసు సిలిండరు తొమ్మిది మందిని బలిగొన్నది. ఆ తర్వాత ఈ గుమాస్తా విసుగును ఎవరు తప్పు పట్టగలరు?

అయితే మనవాడి యంత్రం పార్సిలు పెట్టెకు పెద్దదైంది. లారీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. రసీదులో “యంత్రసామగ్రి, ఒక శాల్తీ” అని రాసి సంతకం పెట్టమన్నారు. ట్యాంకులో ఇరవై లీటర్ల డీజిల్ ఉన్నదని నేనే చెప్పాను. “ఉండనివ్వండి సార్, అక్కడ దిగగానే స్టార్టు చేసుకోవచ్చు” అన్నాడు మేనేజరు మర్యాదగా. అదే లారీలో యంత్రం పక్కన బట్టల బేళ్లు, అట్టపెట్టెలు సర్దుతున్నారు.

ఒకే యంత్రం. ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి ప్రయాణం. పట్టాల మీద అది ప్రమాదకర వస్తువు, రోడ్డు మీద ఒక శాల్తీ!

చట్టం లేదా అంటే, కావలసినంత ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం చమురును అది ఎంత వేడికి అంటుకోగల ఆవిరినిస్తుందో చూసి మూడు తరగతులు చేసింది. 23 డిగ్రీల లోపు అయితే ‘ఎ’ తరగతి. పెట్రోలు అందులోది. 23 నుంచి 65 లోపు ‘బి’, అందులో డీజిల్. ఇంజనుకు అమర్చిన ట్యాంకులోని చమురుకు లైసెన్సు అక్కరలేదని తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. అయితే ఆ సెక్షన్ మాట్లాడేది స్థిర యంత్రం గురించి. లారీ ఎక్కి గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నది స్థిర యంత్రమా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రాన మంట అంటుకోదని మాత్రం ఎవరూ వాదించలేరు.

భోపాల్ దుర్ఘటన తర్వాతి సంవత్సరాలలో వచ్చినవి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు. ప్రమాదకర సరుకు మోసే లారీకి గుర్తులు, అత్యవసర సమాచార ఫలకం, శిక్షణ పొందిన డ్రైవరు ఉండాలని వాటిలో స్పష్టంగా ఉంది. ఆ డ్రైవరుకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవను, రాయను రావాలట! ఇటువంటి నియమాలను పార్లమెంటు ఉభయ సభల బల్ల మీద ఉంచడం ఆనవాయితీ. ఎన్నో ఏళ్లుగా ప్రెస్ గ్యాలరీ నుంచి ఆ బల్లను చూస్తున్నాను. దాని మీది కాగితాలను తిరగేసిన సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

అంతర్జాతీయంగా ఈ విషయం తేలిపోయి చాలాకాలం కాలేదు. ఐక్యరాజ్య సమితి ప్రమాదకర వస్తువుల పట్టికలో ఇంజన్లు, మోటారు వాహనాలు ఒకే సంఖ్య కింద కలిసి ఉండేవి. 2015లో వచ్చిన పంతొమ్మిదవ కూర్పు వాటిని విడదీసింది. పెట్రోలు వంటి మండే ద్రవంతో నడిచే ఇంజనుకు 3528, మండే వాయువుతో నడిచే దానికి 3529, ఇంధనం సులువుగా మండకపోయినా పర్యావరణానికి హానికరమైతే 3530. సమితి దృష్టిలో మండే ద్రవానికి హద్దు 60 డిగ్రీలు. మన ప్రమాణాల ప్రకారం డీజిల్‌కు కనీస హద్దు 35 డిగ్రీలే కనుక అది 60 దాటనంతవరకు మన డీజిల్ జనరేటరు కూడా 3528 లోకే వస్తుంది. ఓడలో పంపేటప్పుడు కవాటాలు మూసి ఉండాలి, బ్యాటరీకి షార్టు సర్క్యూటు కాకుండా రక్షణ ఉండాలి, ఇంధనం అరవై లీటర్లు మించితే పైన గుర్తు అంటించాలి.

గుర్తు అంటిస్తే మంట ఆరుతుందా అని కొందరు హాస్యమాడతారు. 2022 జూన్ 4 రాత్రి బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ దగ్గర సీతాకుండలో కంటెయినర్ల డిపో అంటుకున్నది. లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నదని తమకెవరూ చెప్పలేదని అగ్నిమాపక అధికారులే అన్నారు. దాదాపు యాభై మంది మరణించారు. మంటలార్పడానికి వెళ్లినవారు వారిలో ఉన్నారు. 2025 మే 25న కొచ్చి తీరానికి ఆవల ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగినప్పుడు 640 కంటెయినర్లలో 13 ప్రమాదకరమైనవని, వాటిలో 12 కాల్షియం కార్బైడువని అధికారులు వెంటనే చెప్పగలిగారు. జాబితా ఉంది కనుక చెప్పగలిగారు. మన లారీ దారిలో అంటుకుంటే ఆర్పడానికి వచ్చినవాడి చేతికి అందే జాబితా “యంత్రసామగ్రి, ఒక శాల్తీ”.

‘ఖాళీ’ అన్న మాటతో కూడా చిక్కే. 1996 మే 11న అమెరికాలో మయామీ దగ్గర వాల్యూజెట్ విమానం కూలి 110 మంది చనిపోయారు. సరుకు గదిలో ఉన్నవి ఆక్సిజన్ జనరేటర్లు. మన జనరేటర్లకు వాటికి పేరు తప్ప పోలిక లేదు. కాని కాగితం మీద వాటిని ఖాళీ డబ్బాలని రాశారు. పెట్రోలు ట్యాంకు విషయంలో ఈ మాట మరీ మోసం చేస్తుంది. నిండుగా ఉన్న ట్యాంకు కంటె, వంపివేసి మూత పెట్టిన ట్యాంకు ఎక్కువ ప్రమాదం కావచ్చు. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి.

ఇంత చెప్పిన తర్వాత రెండో వైపు కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. సెల్ టవర్లకు జనరేటర్లు కావాలి, జనరేటర్లకు డీజిల్ కావాలి. డీజిల్ పోసే బంకుల ముందు బారులు. అటువంటి చోటుకు నియమానుసారం ఎండగట్టిన జనరేటరును పంపితే అది దిగిన చోటే ఇనుప దిమ్మ. ఇంధనాన్ని యంత్రం నుంచి వేరు చేయమన్న నియమం మంచిదే. వేరు చేసిన ఇంధనం వేరే వాహనంలో, తగిన డబ్బాలలో దాని వెంటే వెళ్లాలన్న ఏర్పాటు కూడా సహాయ సామగ్రి పంపేవారి లెక్కలో ఉండాలి. తుఫానులు వచ్చే తీరం మనది. ఈ లెక్క ముందే వేసుకోవడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

నా సంగతి ముగిస్తాను. మేనేజరు నవ్వుతున్నా వినక, మెకానిక్‌ను పిలిపించి ఇరవై లీటర్లూ తోడించాను. బ్యాటరీ విప్పించాను. రసీదులో “డీజిల్ జనరేటరు, ట్యాంకు ఖాళీ” అని రాయించాను. వారం తర్వాత మేనల్లుడు ఫోను చేశాడు. యంత్రం క్షేమంగా చేరింది. “కాని మావయ్యా, ఖాళీ అని రాశారే? అడుగు బిరడా విప్పితే ఇంకో లీటరున్నర వచ్చింది” అన్నాడు.