బొమ్మ రైలు పట్టాలపై ఎన్ని వోల్టులు ఉండవలెను?

మన దేశములో విద్యుత్ రైలు ఇంజనుకు పైతీగ ద్వారా 25,000 వోల్టుల విద్యుత్తు అందుచున్నది. ఆ తీగ చేతికి అందని ఎత్తున ఉండును. బల్లమీద నడచు నమూనా రైలు సంగతి వేరు. దానికి కావలసిన విద్యుత్తు సామాన్యముగా పట్టాలలోనే ప్రవహించును. పిల్లలు ఆ పట్టాలను తాకుచుందురు, పడిన పెట్టెలను ఎత్తి మరల వాటిపై నిలుపుచుందురు. కనుక పట్టాలపై ఎన్ని వోల్టులు ఉండవలెనన్నది ఆటకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్న కూడ.

బల్బు నేర్పిన పాఠము

జర్మనీలోని మార్క్లిన్ సంస్థ 1891లో నిర్ణీతమైన కొలతలు గల పట్టాలతో బొమ్మ రైళ్లను ప్రదర్శించినది. అవి కీ ఇచ్చి నడపునవి. తరువాత ఇండ్లకు విద్యుత్తు రాగా, కొన్ని బొమ్మ రైళ్లను ఇంటి విద్యుత్తుతోనే నడుపసాగిరి. వోల్టులను తగ్గించుటకు మధ్యలో ఒక బల్బును శ్రేణిలో కలిపెడివారు.

ఈ ఏర్పాటులో గొప్ప లోపము కలదు. ఓమ్ నియమము ప్రకారము, బల్బు వద్ద తగ్గు వోల్టులు దానిగుండా ప్రవహించు విద్యుత్తుపై ఆధారపడును. రైలు నడచుచున్నంతసేపు పట్టాలపై వోల్టులు తక్కువగా ఉండును. రైలును ఎత్తివేసిన తోడనే ప్రవాహము ఆగిపోవును. బల్బు వద్ద తగ్గుదల ఏమియు ఉండదు. ఇంటి విద్యుత్తు యావత్తు పట్టాలమీదికి వచ్చును. పడిన రైలును ఎత్తబోవు పిల్లవానికి తగులునది అదే. 1926లో మార్క్లిన్ సంస్థ ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేయు 20 వోల్టుల పద్ధతిని ప్రవేశపెట్టినది. ఐరోపా సమాజము 2009లో చేసిన బొమ్మల భద్రతా నిబంధనలు 24 వోల్టులను హద్దుగా నిర్ణయించినవి.

ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్లు ఉండును. వాటి నడుమ విద్యుత్ సంబంధము లేదు. అయస్కాంత బలము ద్వారానే శక్తి ఒకదానినుండి మరొకదానికి చేరును. అయితే ఈ పని రెండు వైపులకు జరుగగలదు. ఏకాంతర విద్యుత్తునిచ్చు రెండు ట్రాన్స్‌ఫార్మరులను ఒకే పట్టాలకు కలిపి, ఒకదాని ప్లగ్గును గోడనుండి ఊడదీసితిరనుకొనుడు. రెండవదాని 16 వోల్టులు పట్టాల మీదుగా మొదటిదానిలో వెనుకనుండి ప్రవేశించును. అప్పుడు ఊడదీసిన ప్లగ్గు పుల్లలపై సుమారు 230 వోల్టులు పుట్టును! ఒకే పట్టాలకు రెండు ట్రాన్స్‌ఫార్మరులను ఎన్నడును కలుపరాదు.

ఆజ్ఞలు మోయు పట్టాలు

పాత పద్ధతిలో రైలు వేగమును పట్టాలపై వోల్టులను పెంచి, తగ్గించి మార్చుదురు. రైలు నిలిచినప్పుడు వోల్టులు సున్న. దూరమునుండి ఆజ్ఞలిచ్చి నడపు నేటి పద్ధతిలో ఇట్లు కాదు. రైలు కదలినను, నిలిచినను పట్టాలపై పూర్తి వోల్టులు ఎల్లప్పుడు ఉండును. ఇంజనులో డీకోడరు అను చిన్న పరికరము కలదు. అది ఆజ్ఞను గ్రహించి, మోటారుకు విద్యుత్తును తునకలు తునకలుగా అందించును. తునక పొడవైనచో వేగము హెచ్చును, పొట్టిదైనచో తగ్గును.

ఆజ్ఞ కూడ పట్టాల ద్వారానే వచ్చును. రెండు పట్టాలలో ఒకసారి ఒకటి, మరొకసారి రెండవది ధనమగుచుండును. ఈ మార్పు 58 మైక్రోసెకండ్లకు జరిగినచో అది ‘ఒకటి’. 100 మైక్రోసెకండ్లకు జరిగినచో ‘సున్న’. ఈ రెండు గుర్తులతోనే ఏ ఇంజను ఎంత వేగముతో పోవలెనో తెలుపుదురు. జర్మనీలో రూపొందిన ఈ విధానమును ఆధారముగా గొని అమెరికాలోని జాతీయ నమూనా రైళ్ల సంఘము 1994లో ప్రమాణములను ప్రకటించినది.

తక్కువ వోల్టులు ఎందుకు?

పూర్తి వోల్టులు ఎల్లప్పుడు ఉండుటచే, అవి అవసరమునకు మించినచో వేడి పుట్టును. 12 వోల్టుల బల్బుకు 18 వోల్టులిచ్చితిమనుకొందము. నిరోధము మారదనుకొన్నచో అందు ఖర్చగు శక్తి 2.25 రెట్లు అగును. తీగ వేడెక్కినకొలది నిరోధము పెరుగును గనుక నిజముగా పెరుగుదల కొంత తక్కువే. అయినను ఇంజను పైకప్పు ప్లాస్టిక్కుది. లోపలి బల్బు దానిని కరగించుటకు ఆ వేడి చాలును. డీకోడరు కూడ వేడెక్కును.

కావున 9 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలపై నడచు చిన్న రైళ్లకు సుమారు 12 వోల్టులు, 16.5 మిల్లీమీటర్ల పట్టాలవాటికి 14 లేక 15 వోల్టులు వాడుదురు. తోటలలో నడుపు పెద్దవాటికి 18 వోల్టులు, అంతకు పైన కూడ కావలసివచ్చును. ప్రమాణము ప్రకారము డీకోడరు 7 వోల్టుల వద్ద కూడ పనిచేయవలెను. వోల్టులు తగ్గించిన మీదట రైలు గరిష్ఠ వేగము కొంత తగ్గును. ఆజ్ఞలు మాత్రము చెడవు.

వోల్టులను సరఫరా పెట్టె వద్దనే తగ్గించవలెను. పట్టాలకు పోవు తీగలో నిరోధమును చేర్చి తగ్గింపరాదు. అట్లు చేయుట వెనుకటి బల్బు పొరపాటును మరల చేయుటయే.

వోల్టులు తగ్గిన చాలునా?

చాలదు. పట్టాలపై ఒక మేకు అడ్డముగా పడి రెండింటిని కలిపినచో హ్రస్వవలయము ఏర్పడును. అప్పుడు సరఫరా పెట్టెలోని రక్షణ మీట తక్షణమే విద్యుత్తును ఆపవలెను. ఆ మీట 5 ఆంపియర్ల వద్ద పనిచేయునదనుకొందము. తీగలు సన్నగా ఉండి, పట్టాల అతుకులు వదులై, మొత్తము నిరోధము 3.5 ఓములు అయినది. 14 వోల్టుల వద్ద ప్రవాహము 14ను 3.5చే భాగించగా వచ్చు 4 ఆంపియర్లు. మీట కదలదు! కాని 14 వోల్టులు, 4 ఆంపియర్లు కలిసి 56 వాట్ల వేడిని పుట్టించును. ఒక టంకపు కడ్డీకి చాలునంతటి వేడి అది.

ఇప్పుడు వోల్టులను 12కు తగ్గించినచో ఏమగును? ప్రవాహము సుమారు 3.4 ఆంపియర్లకు దిగును. మీట పనిచేయు హద్దునకు మరింత దూరమైనదన్నమాట! వేడి మాత్రము ఇంకను 41 వాట్లు ఉండును. కావున వోల్టులు తగ్గించువారు ఆంపియర్ల హద్దును కూడ తగ్గించవలెను. రెండు, మూడు చిన్న ఇంజనులకు 2 ఆంపియర్ల హద్దు సామాన్యముగా చాలును. లావు రాగి తీగలు వాడి, వాటిని పట్టాలకు ఒక్కచోటనే కాక పలుచోట్ల కలుపవలెను.

నాణెపు పరీక్ష

అంతయు సరిగా ఉన్నదని తెలిసికొనుట సులభము. రైళ్లను తీసివేసి, ఒక లోహపు నాణెమును రెండు పట్టాలకు తగులునట్లు ఉంచవలెను. పట్టాలు దానికంటె వెడల్పైనచో చెక్క పిడి గల స్క్రూ డ్రైవరును అడ్డముగా ఆనించవచ్చును. మీట వెంటనే విద్యుత్తును ఆపవలెను. సరఫరా పెట్టెకు దూరముగా ఉన్న మూలలలో ఈ పరీక్ష తప్పక చేయవలెను. ఎక్కడ మీట ఆలస్యము చేయునో అక్కడ వెంటనే నాణెమును తొలగించి, అతుకులు బాగుచేసి, మరియొక తీగను కలుపవలెను.

వోల్టులు కొలుచుటలో కూడ ఒక జాగ్రత్త అవసరము. సామాన్యమైన మీటరు సెకనుకు 50 ఆవృత్తులు గల విద్యుత్తుకొరకు తయారైనది. పట్టాలపై ‘ఒకటి’ గుర్తులే వరుసగా వచ్చినచో సెకనుకు సుమారు 8,600 ఆవృత్తులు జరుగును. కావున మీటరు చూపు అంకెను ఉజ్జాయింపుగానే గ్రహించవలెను.

ఓమ్ నియమమును నల్లబల్లపై వ్రాయుట ఒక యెత్తు. ఒక నాణెముతో దానిని పట్టాలపై పరీక్షించుట మరియొక యెత్తు. విద్యుత్తు విషయములో వోల్టులు తక్కువైనంతమాత్రమున నిశ్చింతగా ఉండరాదు. ఆంపియర్లు ఎక్కడ ఆగునో కూడ తెలిసియుండవలెను. బొమ్మ రైలుకైనను, పాఠశాల ప్రయోగశాలలోని బ్యాటరీకైనను, ఇంటిలోని ఫ్యూజుకైనను సూత్రము ఒక్కటే.