శుక్లం ఆపరేషన్‌కు ముందు కణాల లెక్క

కంటి ముందు భాగాన పారదర్శకంగా ఉండే కార్నియా లోపలి అంచున ఎండోథీలియం అనే ఒకే వరుస కణాల పొర ఉంటుంది. కార్నియాలోకి ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడివేస్తూ దాన్ని తేటగా ఉంచడం దీని పని. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 నుంచి 3,000 దాకా ఉండే ఈ కణాలు నశిస్తే కొత్తవి పుట్టవు, పక్క కణాలే సాగి ఖాళీని కప్పుతాయి. శుక్లం ఆపరేషన్‌లో ఎంతటి నిపుణుని చేతిలోనైనా కొన్ని కణాలు పోక తప్పదు కనుక, అవి ముందే పలచబడిన కంట్లో శుక్లం తొలగినా కార్నియా ఉబ్బి చూపు మసకబారవచ్చు.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టే యంత్రం స్పెక్యులర్ మైక్రోస్కోప్. ఏటవాలుగా పడిన కాంతిలో అతి స్వల్ప భాగం ఎండోథీలియం నుంచి అద్దం మీద నుంచి వలె పరావర్తనం చెందుతుందని స్విస్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోగ్ట్ 1920 ప్రాంతంలోనే గమనించినా, ఆ సూత్రంతో డేవిడ్ మారిస్ 1968లో పరికరం రూపొందించే దాకా, ఆపైన 1975లో బోస్టన్ పరిశోధకులు దాన్ని రోగుల కంటికి అనువుగా మలిచే దాకా, అది వైద్యుల చేతికి అందలేదు. కంటికి ఆనించి చూడవలసిన తొలి యంత్రాలు పోయి, నేడు కన్ను తాకకుండానే ఫొటో తీసి కణాలను లెక్కించేవి వచ్చాయి.

గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన గుళ్లపల్లి నాగేశ్వరరావు ఈ యంత్రం తొలిరోజుల్లోనే దానితో పరిశోధించి, కణాల సంఖ్య ఒక్కటే చాలదని, వాటి ఆకార పరిమాణాల్లోని హెచ్చుతగ్గులు కూడా ఆపరేషన్ అనంతర స్థితిని సూచిస్తాయని సహచరులతో కలిసి చూపారు. లెక్క చూసి తృప్తిపడే వారికి ఇది నేటికీ అవసరమైన హెచ్చరికే. హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పింది ఆయనే.

వియన్నా వైద్యుడు ఎర్న్‌స్ట్ ఫుక్స్ 1910లో వర్ణించిన ఎండోథీలియం వ్యాధి ఈ ఫొటోల్లో నల్లని గుంతలుగా కనిపిస్తుంది, నిజానికి అవి కాంతిని పక్కకు మళ్లించే బొడిపెలు. అటువంటి కంట్లో శస్త్రవైద్యుడు జిగురు ద్రవంతో పొరను కాపాడుతూ, శుక్లాన్ని ముక్కలు చేసే అల్ట్రాసౌండ్ వాడకం తగ్గిస్తాడు. వ్యాధి ముదిరితే దాత నుంచి సేకరించిన ఎండోథీలియాన్ని కూడా అమర్చవలసి వస్తుంది.

పల్నాడులోని మాచవరం వంటి ఊళ్లలో శుక్లం ఆపరేషన్‌కు సిద్ధమయ్యే పెద్దలు, పొద్దున లేవగానే మసకగా ఉండి మధ్యాహ్నానికి చూపు తేటపడుతుంటే, అది ఈ పొర బలహీనపడిందనే సూచన కావచ్చు కనుక, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పి కణాల పరీక్ష అవసరమా అని అడగాలి.