కుబుసం విడిచే వేళ కాపలా ఎవరిది?

పురుగు పెరగాలంటే కుబుసం విడవాల్సిందే. మన కంటికి కనబడేది పైపొర ఒక్కటే గానీ, ఊపిరి గొట్టాల లోపలి పొర, పేగు ముందు వెనుక భాగాల లోపలి పొర కూడా ఆ వేళ ఊడి వచ్చేస్తాయని తెలుసా? సూక్ష్మజీవులకు అన్ని దారులూ ఒకేసారి తెరుచుకునే గండం అది. పైగా పురుగుల ఒంట్లో మనకున్నట్టు యాంటీబాడీలు ఉండవు. అందుకే ఈ ఏర్పాటు అద్భుతమనిపిస్తుంది: కుబుసం విడిపించే ఎక్డైసోన్ హార్మోనే రోగనిరోధక వ్యవస్థనూ నడిపిస్తుంది.

ఆ హార్మోన్ అంత తేలిగ్గా చిక్కలేదు. 1954లో జర్మనీ శాస్త్రవేత్తలు అడాల్ఫ్ బ్యూటెనాంట్, పీటర్ కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలను వడగడితే దక్కింది 25 మిల్లీగ్రాములు. అంటే రెండు కోట్ల వంతుల్లో ఒక్క వంతు.

ఈ హార్మోన్ రోగనిరోధక వ్యవస్థను నడిపించే సంగతి, అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగ డ్రోసోఫిలాలో బాగా తేలింది. దాని కణాల మీద పీజీఆర్‌పీ-ఎల్‌సీ అనే ప్రొటీన్ ఉంటుంది. బ్యాక్టీరియా గోడ ముక్కలను పసిగట్టి, వాటిని చంపే పదార్థాల తయారీని మొదలుపెట్టించేది ఇదే. ఈ ప్రొటీన్ ఎంత ఉండాలో ఎక్డైసోనే నిర్ణయిస్తుందని 2013లో తేలింది. హార్మోన్ లేకపోతే శత్రువు లోపలికి వచ్చినా గుర్తుపట్టే దిక్కుండదు. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధన రక్తకణాలను గమనించింది. ప్యూపా దశ మొదలయ్యే వేళ హార్మోన్ పిలుపు అందగానే, అప్పటిదాకా కదలకుండా ఉన్న కణాలు ఒళ్లంతా తిరుగుతూ బ్యాక్టీరియాను మింగడం మొదలుపెడతాయి. ఆ పిలుపు కణాలకు అందకుండా చేస్తే ప్యూపాలు ఇన్ఫెక్షన్‌కు లొంగిపోయాయి.

పురుగుల రోగనిరోధక శక్తిపై పనికి 2011లో నోబెల్ అందుకున్న జూల్స్ హాఫ్‌మన్ తొలి పరిశోధనలు మిడతల మీదే. ఆయన చాలాకాలం ఎక్డైసోన్ మీద కూడా పనిచేశారు.

మరి దోమ సంగతి? రెక్కలొచ్చిన దోమ ఇక కుబుసం విడవదు. అయినా ఆడదోమ రక్తం తాగగానే దాని అండాశయాలు ఈ హార్మోన్‌ను వదులుతాయి, గుడ్ల కోసం. సరిగ్గా ఆ రక్తంతోనే మలేరియా పరాన్నజీవి కూడా లోపలికి వస్తుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద ఆ పరాన్నజీవి బుడిపెలను చూశారు. అనాఫిలిస్ దోమలకు ముందుగానే హార్మోన్ ఎక్కించి, ఎలుకల మలేరియా సోకిస్తే ఆ బుడిపెలు తగ్గాయని 2020లో ప్రచురితమైన పరిశోధన చెబుతోంది. ఈ విశేషాలన్నింటిలో మనకు ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

అన్ని పురుగుల్లోనూ ఇదే తీరు అనుకోకండి. పట్టుపురుగు కొవ్వు కణజాలంలో ఈ హార్మోన్ చాలా రోగనిరోధక జన్యువులను అణచివేస్తుంది. హిందూపురం వైపు రైతులు పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు, అంటే కుబుసం విడిచే వేళ, ఆకు వేయడం ఆపి, పడకల మీద సున్నం పొడి చల్లి తేమ చేరకుండా కాపాడుకుంటారు. ఆ జాగ్రత్త ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

శత్రువులు కూడా ఈ హార్మోన్ మీదే దెబ్బ కొడతాయి. పొగాకు లద్దె పురుగును చంపే నోమూరియా అనే శిలీంధ్రం ఎక్డైసోన్‌ను పనికిరాకుండా చేసే ఎంజైమ్‌ను విడుదల చేస్తుంది. శనగపచ్చ పురుగు మీద మన రైతులు సాయంత్రం పూట పిచికారీ చేసే ఎన్‌పీవీ అనే వైరస్ ద్రావణం తెలుసుగా? ఈ కుటుంబపు వైరస్‌లలో చాలావాటికి ఈజీటీ అనే జన్యువు ఉంది. అది తయారుచేయించే ఎంజైమ్ హార్మోన్‌కు చక్కెర అణువును తగిలించి నిర్వీర్యం చేస్తుంది. పురుగు కుబుసం విడవడం మాని తింటూనే ఉంటుంది. దాని ఒంట్లో వైరస్ పెరుగుతూనే ఉంటుంది. ఆ జన్యువును తీసేసిన వైరస్ సోకిన పురుగులు ఇంకా త్వరగా చచ్చాయి, తక్కువ ఆకు తిన్నాయి.